కంట్రోల్‌గా పెట్టిన ఉత్త నికెల్ ముక్క రోజురోజుకీ మెరుగవుతోంది, పొరపాటు ఎక్కడ?

కోనసీమ కెమిస్ట్రీ, అమలాపురం
సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం అండి. నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఫైనలియర్ పిల్లలు ఇద్దరితో కలిసి, నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయడానికి పనికొచ్చే చవక ఉత్ప్రేరకం మీద చిన్న ప్రాజెక్టు చేస్తున్నాం. ప్లాటినం, ఇరిడియం కొనే స్తోమత మాకు లేదు. నికెల్ ఫోమ్ తెప్పించాం, అంటే స్పాంజిలా చిల్లులు చిల్లులుగా ఉండే నికెల్ రేకు. చిన్న ముక్కలు కోసి, యాసిడ్‌లో కడిగి, కొన్నింటిని ఫెర్రిక్ నైట్రేట్ నీళ్లలో కాసేపు ముంచి ఆరబెట్టాం. అలా ముంచితే పైన నికెల్, ఇనుము కలిసిన హైడ్రాక్సైడ్ పొర పడుతుంది, బూడిద రంగు ముక్క లేత ఇటుక రంగుకి తిరుగుతుంది. పోల్చి చూడ్డానికి, అంటే కంట్రోల్‌గా, ఏమీ పూయని ఉత్త నికెల్ ముక్కలు పక్కన పెట్టుకున్నాం.

తెలియని వాళ్ల కోసం ఒక మాట. నీటిని విడగొట్టడానికి లెక్క ప్రకారం 1.23 వోల్టులు చాలు. కానీ ఆక్సిజన్ బుడగలు వచ్చే వైపు రియాక్షన్ బాగా మొండిది, ఒక్కో ఆక్సిజన్ అణువుకి నాలుగు ఎలక్ట్రాన్లు కదలాలి, అందుకని అదనంగా వోల్టేజీ ఇచ్చి నెట్టాలి. ఆ అదనాన్నే ఓవర్‌పొటెన్షియల్ అంటారు. అది ఎంత తగ్గితే ఉత్ప్రేరకం అంత మంచిది.

మొదటిరోజు చదరపు సెంటీమీటరుకి 10 మిల్లీయాంప్స్ రావడానికి ఉత్త నికెల్‌కి 370 మిల్లీవోల్టులు అదనంగా కావాల్సొచ్చాయి, ఇనుము పూసినదానికి 250. ఇంతవరకు బాగుంది. అయిదోరోజు మళ్లీ కొలిస్తే ఉత్త నికెల్ 300కి దిగింది. దానికి మేం ఏమీ పూయలేదు, ఏమీ చేయలేదు. కంట్రోలే కదులుతుంటే ఇక దేనితో పోల్చాలి? వారం నుంచి ఒకటే టెన్షన్. పిల్లలకి సమాధానం చెప్పలేకపోతున్నాను. చూసి చెప్పండి.

పాలకొల్లు కుర్రాడు
సోమవారం, రాత్రి 10:15

మేడమ్, నాకు మీ ప్రశ్నకి సమాధానం తెలీదు కానీ నాదో ప్రశ్న. మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. ఇలాంటి చవక క్యాటలిస్ట్ దొరికితే ఇంట్లోనే నీళ్ల నుంచి గ్యాస్ చేసుకుని వంట చేసుకోవచ్చా? బండ ధర గురించి అమ్మ రోజూ అంటూనే ఉంటుంది.

రాజోలు సోలార్
సోమవారం, రాత్రి 10:50

తమ్ముడూ, లెక్క వేసి చెబుతాను. 14.2 కేజీల గ్యాస్ బండలో ఉండే వేడికి సమానంగా హైడ్రోజన్ కావాలంటే సుమారు 5.4 కేజీలు కావాలి. ఇవాళ్టి మిషన్లకి కేజీ హైడ్రోజన్‌కి 50 యూనిట్ల పైనే కరెంటు పడుతుంది, అంటే ఒక బండకి దగ్గర దగ్గర 280 యూనిట్లు. మీ ప్యానెళ్లు రోజుకి 12 యూనిట్లు ఇస్తాయనుకుంటే మూడు వారాలు దాటుతుంది. ఆ గ్యాస్‌ని ఒత్తిడి లేకుండా నిలవ చేయాలంటే అరవై వేల లీటర్ల పైన జాగా కావాలి. అదే కరెంటుతో ఇండక్షన్ స్టవ్ పెట్టుకో, అమ్మ సంతోషిస్తుంది. హైడ్రోజన్ వంటింటి కోసం కాదు. ఎరువులకి, ఉక్కుకి, రిఫైనరీలకి, కరెంటు తీగతో తీరని పనులకి.

ఇంకోటి. ఇంటర్నెట్లో చూసి ఉప్పునీళ్లలో బ్యాటరీ వైర్లు పెట్టే పని దయచేసి చేయొద్దు. ఉప్పు ఉంటే ఆక్సిజన్‌కి బదులు క్లోరిన్ వస్తుంది. గది మూసి చేస్తే ఊపిరితిత్తులు పోతాయి.

తణుకు స్కాలర్
మంగళవారం, ఉదయం 6:20

మేడమ్, మీ పోస్టు రాత్రే చదివాను. నాకు ఒక అనుమానం గట్టిగా ఉంది కానీ ముందు ఇవి చెప్పండి. ద్రావణానికి వాడే కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ఏ గ్రేడు? బీకరు గాజుదా, ప్లాస్టిక్‌దా? రెండో ఎలక్ట్రోడ్ ఏమిటి, ప్లాటినం తీగ అయితే కాదు కదా? గాజుసామాను ఏ నీళ్లతో కడుగుతున్నారు? అన్నిటికన్నా ముఖ్యం, వోల్టేజీ పెంచుకుంటూ పోయేటప్పుడు ఆక్సిజన్ మొదలవకముందు నికెల్‌కి ఒక పీక్ (గ్రాఫులో కరెంటు గుట్టలా లేవడం) వస్తుంది చూడండి, అది మొదటిరోజుకీ అయిదోరోజుకీ కుడివైపు జరిగిందా? చిన్నదైందా?

ఆ పీక్ వల్లే ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. వోల్టేజీ పెంచుకుంటూ వెళ్లేటప్పటి గీత మీద 10 మిల్లీయాంప్స్ చదివితే అందులో నికెల్ తనంతట తాను ఆక్సీకరణం చెందే కరెంటు కలిసిపోయి, ఉత్ప్రేరకం ఉన్నదానికన్నా మంచిదిగా కనిపిస్తుంది. వోల్టేజీ తగ్గించుకుంటూ తిరిగొచ్చేటప్పటి గీత చదవండి. ఇంకా మంచిది, స్థిరమైన కరెంటు ఇచ్చి అరగంట ఆగి వోల్టేజీ రాసుకోవడం.

కోనసీమ కెమిస్ట్రీ
మంగళవారం, మధ్యాహ్నం 1:30

లంచ్‌లో రాస్తున్నాను. పొటాష్ మామూలు ల్యాబ్ గ్రేడు. బీకరు గాజుదే. రెండో ఎలక్ట్రోడ్ గ్రాఫైట్ కడ్డీ. కడగడం ముందు కుళాయి నీళ్లతో, అవి కాలేజీ బోరు నీళ్లే, చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో. పీక్ సంగతి ఇప్పుడే పాత గ్రాఫులు ఒకదానిమీద ఒకటి పెట్టి చూశాను. నిజమే! అయిదోరోజుకి కుడివైపు జరిగింది, సైజు కూడా తగ్గింది. దాన్ని ఇన్నాళ్లూ ఎలా చూడలేదో నాకే అర్థం కావడం లేదు.

ధవళేశ్వరం మాస్టారు
మంగళవారం, సాయంత్రం 5:05

అమ్మాయ్, బోరు నీళ్లన్నావు, అక్కడే దొరికింది. మన డెల్టాలో ఎన్ని బోర్లు ఎర్రనీళ్లు ఇవ్వడం లేదు? తోడినప్పుడు తేటగానే ఉంటాయి, గంటసేపు బిందెలో ఉంచితే అడుగున తుప్పురంగు తేరుకుంటుంది, తెల్ల పంచె ఉతికితే గోధుమరంగు పడుతుంది. అదంతా ఇనుమే. నీ ఉత్త నికెల్ ఉత్తది కాదు తల్లీ, అది రోజూ కొంచెం కొంచెం ఇనుము తింటోంది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. నికెల్ బ్యాటరీలు చేసేవాళ్లకి ఇనుము పాతశత్రువు. ఛార్జింగ్ పెడితే కరెంటు బ్యాటరీలోకి ఎక్కకుండా ఆక్సిజన్ బుడగలై పోయేది. 1987లో కొరిగన్ అనే ఆయన నికెల్ ఆక్సైడ్ పొరల్లో ఇనుము అతి కొంచెం ఉన్నా ఆక్సిజన్ ఎంత తేలిగ్గా వస్తుందో కొలిచి చూపించాడు. బ్యాటరీ వాళ్లకి పీడకలైన ఇనుమే నీటిని విడగొట్టేవాళ్లకి వరమైంది.

తణుకు స్కాలర్
మంగళవారం, రాత్రి 8:40

మాస్టారు అసలు విషయం పట్టేశారు. దానికి నేనొకటి కలుపుతాను. గాజుసామాను కడిగిన నీళ్లే కాదు, పొటాష్‌లోనే ఇనుము ఉంటుంది. ల్యాబ్ గ్రేడు సీసా లేబుల్ మీద మలినాల వరుసలో చూడండి. లీటరుకి మిల్లీగ్రాముకన్నా తక్కువ ఉన్నా నికెల్ హైడ్రాక్సైడ్ పొర దాన్ని పీల్చేసుకుంటుంది. 2014లో అమెరికాలోని ఆరెగాన్‌లో బోట్చర్ (Boettcher) బృందం ఇదే తేల్చింది. నికెల్ ఆక్సైడ్ పాతబడేకొద్దీ మెరుగవుతుందని అంతకుముందు చాలామంది రాసిన మాటకి అసలు కారణం ద్రావణంలోంచి వచ్చి చేరిన ఇనుమని, ఇనుము పూర్తిగా తీసేస్తే నికెల్ ఒక్కటే చాలా మామూలు ఉత్ప్రేరకమని. కాబట్టి మీకు ఎదురైన చిక్కు ఈ రంగంలో పెద్దపెద్దవాళ్లకి కూడా ఎదురైనదే, మనసు చిన్నబుచ్చుకోకండి.

శుభ్రం చేసే పద్ధతి కూడా వాళ్లదే. ఖర్చు తక్కువ. స్వచ్ఛమైన నికెల్ నైట్రేట్‌ని నీళ్లలో కరిగించి పొటాష్ వేస్తే లేత ఆకుపచ్చ నికెల్ హైడ్రాక్సైడ్ అడుగున పడుతుంది. దాన్ని రెండు మూడుసార్లు కడిగి, మీరు వాడబోయే పొటాష్ ద్రావణంలో వేసి బాగా కలిపి కొన్ని గంటలు వదిలేయండి. ద్రావణంలో ఉన్న ఇనుమంతా ఆ ఆకుపచ్చ ముద్దకి అంటుకుంటుంది. పైన తేరిన ద్రావణం తీసుకుని వాడండి. అంతా పాలీప్రొపిలీన్ డబ్బాల్లోనే చేయాలి, ఎందుకంటే పొటాష్ గాజుని తింటుంది, తింటే గాజులోని మలినాలు మళ్లీ వచ్చి కలుస్తాయి.

ధవళేశ్వరం మాస్టారు
మంగళవారం, రాత్రి 9:10

ఆయ్, చాలా మంచి పద్ధతి. ఒక జాగ్రత్త. నికెల్ లవణాలు క్యాన్సర్ కారకాలు, పిల్లలకి గ్లవ్స్ లేకుండా ముట్టుకోనివ్వకు. పొటాష్ కంట్లో పడితే కన్ను పోతుంది, అద్దాలు పెట్టుకోకుండా ఎవరినీ బల్ల దగ్గరికి రానీయకు. మిగిలిన ఆకుపచ్చ నీళ్లు సింకులో పోస్తే మన దగ్గర అది ఎక్కడికి పోతుందో తెలుసుగా, డ్రెయిన్‌లోంచి చెరువుకీ చేలకీ. డబ్బాలో పోసి మూత పెట్టి దాచండి.

ఆకివీడు చెరువు
బుధవారం, తెల్లవారుజామున 4:35

నేను రొయ్యల రైతుని. చెరువు గట్టు మీద కూర్చుని చదువుతున్నాను, ఈ టైములోనే మాకు నిద్రుండదు. రాత్రి రెండు దాటాక నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యలు గట్టువారకి వచ్చేస్తాయి, ఆ క్షణాన కరెంటు పోతే జనరేటర్ స్టార్టయ్యేలోపు గుండె ఆగినంత పనవుతుంది. మీరంతా హైడ్రోజన్ గురించే మాట్లాడుతున్నారు. నీటిని విడగొడితే ఆక్సిజన్ కూడా వస్తుంది కదండి? దాన్ని ఏం చేస్తారు? మాకు కావాల్సింది అదే. ఈ చవక ఉత్ప్రేరకం పెట్టి చెరువు పక్కనే మిషన్ పెట్టుకుంటే ఏరేటర్ల కరెంటు బిల్లు తగ్గుతుందా?

కాకినాడ షిఫ్ట్
బుధవారం, ఉదయం 11:00

మంచి ప్రశ్న అండి, చాలామంది ఇంజనీర్లు కూడా అడగరు. కేజీ హైడ్రోజన్ తీస్తే 8 కేజీల ఆక్సిజన్ వస్తుంది, తొమ్మిది లీటర్ల నీళ్లు అవుతాయి. ఎక్కువచోట్ల ఆ ఆక్సిజన్‌ని గాలిలోకి వదిలేస్తారు.

కానీ ఆక్సిజన్ కోసమే మిషన్ పెట్టుకుంటే నష్టం. చూడండి, మంచి ప్యాడిల్ వీల్ ఏరేటర్ పరీక్షల్లో ఒక యూనిట్ కరెంటుకి 2 కేజీల దాకా ఆక్సిజన్ నీళ్లలో కలుపుతుంది, మీ చెరువులో అంతకన్నా తక్కువే అనుకోండి. నీటిని విడగొడితే 8 కేజీలకి 50 యూనిట్ల పైన. అదే 50 యూనిట్లు ఏరేటర్‌కి ఇస్తే సగం పనిచేసినా 50 కేజీలు వస్తుంది. గాలిలో ఉచితంగా ఉన్నదాన్ని నీళ్లలో కలపడం తేలిక, నీటిని పగలగొట్టి తీయడం కష్టం. ఎంత గొప్ప ఉత్ప్రేరకం వచ్చినా 1.23 వోల్టుల కిందకి ఎవరూ దించలేరు, కాబట్టి ఈ లెక్క మారదు.

అయితే ఎవరైనా హైడ్రోజన్ కోసం ఎలాగూ ప్లాంటు పెడితే, పక్కన వృథాగా పోయే ఆక్సిజన్ వేరే సంగతి. చేపపిల్లల్ని కవర్లలో ప్యాక్ చేసి లారీ ఎక్కించేవాళ్లు ఆక్సిజన్ సిలిండర్లు కొంటున్నారు కదా. హేచరీలు ఉన్నాయి. పొటాష్ తుంపర లేకుండా కడిగి ఇస్తే ఉపయోగమే.

ఆకివీడు చెరువు
బుధవారం, మధ్యాహ్నం 12:20

అర్థమైందండి. కొనేముందు అడగడం మంచిదైంది. సీడ్ ప్యాకింగ్ మాట బాగుంది, మా బావమరిది అదే వ్యాపారం, సిలిండర్ ఒక్కోసారి టైముకి రాక కవర్లు కట్టకుండా ఆగిపోతాడు.

కాకినాడ షిఫ్ట్
బుధవారం, రాత్రి 10:30

డ్యూటీ దిగాను, ఇక ఉత్ప్రేరకం గురించి నా మాట చెబుతాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి. నేను రసాయన కర్మాగారంలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. 2023 జనవరిలో కేంద్రం గ్రీన్ హైడ్రోజన్ (సోలార్, గాలి లాంటి కరెంటుతో తీసేది) మిషన్‌కి 19,744 కోట్లు ఆమోదించింది, 2030కి ఏడాదికి 50 లక్షల టన్నులు లక్ష్యం. మా కాకినాడలోనే గ్రీన్ అమ్మోనియా ప్లాంటు పని నడుస్తోంది. అప్పట్నుంచి చుట్టాల పెళ్లిలో కూడా నన్ను హైడ్రోజన్ గురించే అడుగుతున్నారు.

అందరూ ‘చవక లోహం దొరికితే హైడ్రోజన్ చవకవుతుంది’ అనుకుంటారు. సగమే నిజం. యాసిడ్ పొర వాడే మిషన్లకి ఆక్సిజన్ వైపు ఇరిడియం తప్పదు, ప్రపంచం మొత్తమ్మీద ఏడాదికి తవ్వేది ఏడెనిమిది టన్నులే, అక్కడ ప్రత్యామ్నాయం దొరికితే అదృష్టమే. కానీ పొటాష్‌తో నడిచే పాత రకం మిషన్లు ఎప్పట్నుంచో నికెల్‌తోనే నడుస్తున్నాయి. 1960ల్లోనే పంజాబ్‌లో నంగల్ ఎరువుల ఫ్యాక్టరీలో భాక్రా డ్యామ్ కరెంటుతో నీటిని విడగొట్టారు. అందులో బంగారం, ప్లాటినం ఏం లేవు. ఖర్చంతా కరెంటుది.

అందుకని నా దృష్టిలో చవక ఉత్ప్రేరకం అంటే తక్కువ ధరకి వచ్చే లోహం కాదు, తక్కువ కరెంటు తినేది. సెల్ మీద ఒక వోల్టు అంటే కేజీ హైడ్రోజన్‌కి 26.6 యూనిట్లు. మేడమ్ గారి ఉత్త నికెల్‌కీ ఇనుము పూసినదానికీ తేడా 120 మిల్లీవోల్టులు, అంటే కేజీకి 3 యూనిట్ల పైన మిగులు. పిడికెడు తుప్పు చేసిన పని అది! రోజుకి టన్ను తీసే ప్లాంటులో రోజుకి మూడువేల యూనిట్లు. నాకైతే ఒళ్లు జలదరించింది.

కానీ 10 మిల్లీయాంప్స్ దగ్గర చూసిన నంబరు మాకు సరిపోదండి. అది సూర్యరశ్మితో నేరుగా నీటిని విడగొట్టే పరికరాల లెక్కలోంచి వచ్చిన అంకె. ప్లాంటులో 200 నుంచి 400 మిల్లీయాంప్స్, పొటాష్ 25, 30 శాతం, వేడి 70 నుంచి 90 డిగ్రీలు. ఆ వేడిలో, ఆ బుడగల ఒరిపిడిలో ఏళ్ల తరబడి పొర ఊడకుండా ఉంటుందా? దానికి జవాబు చెప్పిన ఉత్ప్రేరకమే ఉత్ప్రేరకం.

తణుకు స్కాలర్
గురువారం, ఉదయం 7:15

షిఫ్ట్ గారితో ఏకీభవిస్తాను. ఊడటం విషయంలో ఒక మంచి సంగతి ఉంది. ఈ నికెల్ ఇనుము పొరలో ఇనుము ఒకచోట కుదురుగా కూర్చోదు, నడుస్తుండగా కరిగి ద్రావణంలోకి పోతుంటుంది, ద్రావణంలో కాస్త ఇనుము ఉంటే మళ్లీ వచ్చి చేరుతుంది. అందుకే శుభ్రమైన పొటాష్‌లో ఆ పూత మెల్లగా చచ్చుబడుతుంది, కొంచెం ఇనుమున్న పొటాష్‌లో నిలబడుతుంది. మేడమ్ గారు పొరపాటనుకున్నది ఒకరకంగా మందు. మోతాదు మించితే మాత్రం ఇనుము హైడ్రోజన్ వైపు ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటుంది.

ధవళేశ్వరం మాస్టారు
గురువారం, సాయంత్రం 6:00

బాబూ, ఈ మాట చదివి సాయంత్రం గట్టు మీద నడుస్తూ చేలకేసి చూస్తూ నిలబడిపోయాను. వరి ఆకు చేసేది కూడా ఇదే కదా. ఆకులో నీటిని విడగొట్టే చోట నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం, అయిదు ఆక్సిజన్లు కలిసిన చిన్న గుత్తి ఉంటుంది. 2011లో జపాన్ వాళ్లు దాని ఆకారం స్పష్టంగా చూపించారు. అంత గొప్ప యంత్రం కూడా ఎండ గట్టిగా కాస్తే చెడిపోతూనే ఉంటుంది, ఆ గుత్తిని పట్టుకుని ఉండే ప్రోటీన్‌ని మొక్క తీసేసి కొత్తది పెట్టుకుంటూ ఉంటుంది. చెడిపోకుండా ఉండటం కాదు, చెడిపోయిన చోటే బాగుచేసుకోవడం. మన ఇనుము వెళ్లి మళ్లీ రావడం అదే బాపతు.

రాజోలు సోలార్
గురువారం, రాత్రి 9:25

పిల్లలు హైడ్రోజన్‌తో పనిచేస్తున్నారు కాబట్టి చెబుతున్నాను. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి మండినప్పుడు నేను అయిదో తరగతి. 65 రోజులు ఆ మంట ఆరలేదు, రాత్రిళ్లు మా ఊరి నుంచి కూడా ఆకాశం ఎర్రగా కనపడేది. నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలిన 2014 జూన్ మన అందరికీ గుర్తే. గ్యాస్ అంటే ఏమిటో కోనసీమ వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. హైడ్రోజన్ ఇంకా చురుకు, గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంతున్నా అంటుకుంటుంది, పగలు మంట కంటికి కనపడదు. బీకరు సైజులో భయం లేదు, కానీ కిటికీలు తీసి ఉంచండి, వచ్చిన గ్యాస్‌ని సీసాల్లో పట్టి దాచనివ్వకండి.

కోనసీమ కెమిస్ట్రీ
మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 10:10

అందరికీ నమస్కారం. పరీక్షల మధ్యలో కుదిరినప్పుడల్లా చేశాం, ఇప్పుడు ఫలితాలు ఉన్నాయి.

ముందు పొటాష్ సీసా లేబుల్ చూశాం. మలినాల్లో ఇనుము రాసే ఉంది. ఇన్నాళ్లూ బల్లమీదే ఉంది ఆ సీసా. పైగా మన గాలి తేమకి మూత తీసిన రెండు నిమిషాల్లో గుళికలు చెమటపట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి, కాబట్టి తూకం కూడా ఇన్నాళ్లూ తప్పే వేశామని తెలిసింది. ఇప్పుడు యాసిడ్‌తో టైట్రేషన్ చేసి గాఢత సరిచూసుకుంటున్నాం.

తర్వాత స్కాలర్ గారు చెప్పినట్టే ఆకుపచ్చ ముద్ద చేసి పొటాష్ శుభ్రం చేశాం. మర్నాడు చూస్తే ముద్ద అంచు కొంచెం పసుపుకి తిరిగినట్టు మా అమ్మాయికి కనపడింది, నాకు కనపడలేదు, అది పక్కన పెట్టండి. మూడు ప్లాస్టిక్ డబ్బాలు పెట్టాం. ఒకదాంట్లో శుభ్రం చేసిన పొటాష్, ఒకదాంట్లో పాతది, మూడోదాంట్లో శుభ్రం చేసినదాంట్లోనే ఫెర్రిక్ నైట్రేట్ పలచని నీళ్లు ఒక్క చుక్క. మూడింట్లోనూ ఒకే రేకు నుంచి కోసిన ఉత్త నికెల్. తిరిగొచ్చే గీత మీదే చదివాం.

శుభ్రమైనదాంట్లో మొదటిరోజు 390, అయిదోరోజు 395. కదల్లేదు! పాతదాంట్లో మళ్లీ 300 దగ్గరికి వచ్చింది. మూడోదాంట్లో చుక్క వేసిన గంటలోపే గీత కిందకి జారడం మొదలైంది. పిల్లలిద్దరూ స్క్రీన్ ముందు నుంచి లేవలేదు, అటెండర్ వచ్చి గది తాళం వేయాలన్నా కదల్లేదు. ఇరవై ఏళ్లు పాఠం చెప్పాను గానీ ఒక చుక్క అంత పని చేయడం కళ్లారా చూసింది ఇప్పుడే.

మాస్టారూ, కాలేజీ బోరు నీళ్లు బిందెలో పట్టి మీరు చెప్పినట్టే గంట ఉంచాను. అడుగున తుప్పు తేరింది. ఇప్పుడు గాజుసామానుకి బోరు నీళ్లు తాకనివ్వడం లేదు.

ఇక షిఫ్ట్ గారి ప్రశ్న మిగిలింది. 200 మిల్లీయాంప్స్ దగ్గర కనీసం 100 గంటలు ఆపకుండా నడపాలని పిల్లల పట్టుదల. కానీ రోజుకి రెండుసార్లు కరెంటు పోతోంది, పోయినప్పుడల్లా లెక్క మొదటికి వస్తోంది.

కాకినాడ షిఫ్ట్
ఆదివారం, మధ్యాహ్నం 12:45

చాలా సంతోషం మేడమ్. కరెంటు పోవడాన్ని పూర్తిగా శాపమనుకోకండి. సోలార్‌తో నడిచే ప్లాంటు రోజూ సాయంత్రం ఆగుతుంది, ఆగినప్పుడు లోపల కరెంటు ఎదురు తిరిగి ఎలక్ట్రోడ్లు దెబ్బతింటాయి, మా వాళ్లకి అదే పెద్ద తలనొప్పి. రెండు సెల్‌లు పెట్టండి. ఒకటి ఆపకుండా, ఇంకోటి రోజూ ఆపి మళ్లీ మొదలుపెట్టి. రెండింటి గీతలూ పక్కపక్కన ఉంటే చాలా విలువైన సమాచారం. 200 దగ్గర ద్రావణం నిరోధం వల్లే చాలా వోల్టేజీ పోతుంది, అది విడిగా కొలిచి తీసేయడం మర్చిపోకండి.

రాజోలు సోలార్
ఆదివారం, మధ్యాహ్నం 2:30

మేడమ్, నా దగ్గర ఒక ఇన్వర్టర్, రెండు 150 యాంపియర్ అవర్ బ్యాటరీలు ఖాళీగా ఉన్నాయి. మీ పొటెన్షియోస్టాట్ (సెల్‌కి వోల్టేజీ ఇచ్చి కరెంటు కొలిచే మిషన్) ఎన్ని వాట్లు తింటుందో వెనకాల ప్లేటు మీద చూసి చెప్పండి. కంప్యూటర్ బదులు ల్యాప్‌టాప్ పెడితే ఒక రాత్రంతా నిలుస్తుంది. బుధవారం అమలాపురం పని ఉంది, అప్పుడే దింపేసి బిగించి వెళతాను.

కోనసీమ కెమిస్ట్రీ
ఆదివారం, మధ్యాహ్నం 3:05

ఎంత మాట అండి. ప్లేటు మీద 60 వాట్లు అని ఉంది. బుధవారం మూడు గంటల తర్వాత ల్యాబ్ ఖాళీగా ఉంటుంది, పిల్లల్ని ఉండమంటాను.